మూడో మనిషి ఉన్నంతసేపు

ఆదివారం సాయంత్రం ఏడింటి బస్సెక్కితే భార్య ఇక తిరిగి రాదని కళ్లజోళ్ల షాపాయనకు గురువారమే తెలిసింది. చెప్పింది ఆవిడే. వంటింట్లో సింకు కింద వెల్లకిలా పడుకుని ప్లంబరు పైపు బిగిస్తున్నాడు కాబట్టి చెప్పింది, లేకపోతే చెప్పేది కాదు.

"ఏవండీ, ఆదివారం సాయంత్రం ఏడు గంటల బస్సుకి టికెట్ తీసుకున్నాను. మా వదిన దగ్గరికి. అక్కడ ల్యాబులో ఉద్యోగం కూడా మాట్లాడుకున్నాను. తిరుగు టికెట్ తీసుకోలేదు."

"అలాగా," అన్నాడతను. "ఏసీ బస్సేనా?"

"ఏసీదే."

"మంచిది. ఈ ఎండల్లో మామూలు బస్సంటే ఒళ్లు హూనమైపోతుంది."

సింకు కింద నుంచి ప్లంబరు కూడా ఓ మాట కలిపాడు. "హాయిగా వెళ్లి రండమ్మా. ఈ పైపు ఇక పదేళ్లలోపు కదిలితే నన్నడగండి." ముగ్గురూ నవ్వారు. ప్లంబరు సామాను సర్దుకుని వెళ్లిపోయాడు. గడియ పడింది. దాంతో ఇంట్లో మాట కూడా ఆగిపోయింది.

ఆ ఇంటి పద్ధతి అది. నాలుగేళ్లుగా ఆ మొగుడూ పెళ్లాలు మూడో మనిషి ఉంటేనే మాట్లాడుకుంటారు. దీనికోసం ఒట్టు పెట్టుకున్నదీ లేదు, పోట్లాడుకున్నదీ లేదు. ఆవిడ అన్నయ్య పోయిన రోజున ఇద్దరి మధ్యా మాట ఆగింది. తెల్లారితే మొదలవుతుందనుకున్నారు. తెల్లారింది, మొదలు కాలేదు. మర్నాడు పక్కింటావిడ నిచ్చెన అడగడానికొస్తే ఆవిడ ముందు మామూలుగా మాట్లాడుకున్నారు. ఆవిడ నిచ్చెన పట్టుకుని వెళ్లగానే మళ్లీ ఆగిపోయింది. అలా అలవాటైపోయింది. మొదట్లో అలవాటు మనకి పనిమనిషిలా వస్తుంది, పోను పోను ఇంటి యజమాని అవుతుంది.

వినేవాళ్లకి ఇది నరకంలా ఉంటుంది గానీ, అతని మటుకు అతనికి అందులో కొంత సుఖం లేకపోలేదు. ఎవరైనా వచ్చారంటే చాలు, ఆవిడ అతనితో నిజంగానే మాట్లాడేది. నటించేది కాదు. అతను చెప్పేది వినేది, ఎదురు చెప్పేది, నవ్వేది. "ఈయనకి కందిపప్పుకీ పెసరపప్పుకీ తేడా తెలీదండీ, అందరికీ కళ్లు పరీక్ష చేస్తారు," అని వేళాకోళం చేసేది. మీటరు చూసే మనిషొస్తే అయిదు నిమిషాలు. జనాభా లెక్కలవాళ్లొస్తే అరగంట. ప్లంబరు నలభై నిమిషాలు. అతను తన సంసారాన్ని అలా నిమిషాల్లో చేసుకుంటూ వచ్చాడు. ఫ్రేము బిగించి ఇస్తానని కొనుగోలుదార్లను షాపు నుంచి ఇంటికి తీసుకొచ్చేవాడు. బాగా ఉన్న కుళాయిని వదులు చేసి ప్లంబరుకి ఫోను చేసిన రోజులు కూడా ఉన్నాయి.

ఊళ్లో అతన్ని 'కబుర్ల కళ్లజోడు' అంటారు. మర్యాదగా మాట్లాడటంలో అతన్ని మించినవాడు లేడు. కళ్లజోళ్ల షాపుకొచ్చేవాళ్లు ఏదో ఒక దిగులుతో వస్తారు, చూపు తగ్గిందంటే వయసు మీద పడ్డట్టే కదా. వాళ్లని కుర్చీలో కూర్చోబెట్టి, అద్దం మార్చి అద్దం పెడుతూ, "ఇది బాగుందా, ఇదా?" అంటూ, మధ్యలో వాళ్ల ఊరూ పేరూ మనవళ్ల చదువూ అడిగి, దిగులు మరిపించి పంపేవాడు. అవుననో కాదనో తేలిపోయే ప్రశ్న అడగకూడదు. ఎదుటివాళ్ల ఆఖరి మాట పట్టుకుని తిరిగి వాళ్లకే అందివ్వాలి. లేవబోయే మనిషి ముందుగా అరచేతులు మోకాళ్ల మీద పెడతాడు. సరిగ్గా ఆ క్షణంలో ఆ మనిషికి గర్వంగా ఉండే సంగతి ఒకటి అడిగితే చేతులు మళ్లీ ఒళ్లోకి వచ్చేస్తాయి. ఇవన్నీ అతనికి వేళ్ల చివర ఉన్న విద్యలు.

భార్య పని వేరు. ఆసుపత్రి పక్కన ల్యాబులో రక్తం తీస్తుంది. రోజుకి అరవై డెబ్భై మంది. "పిడికిలి బిగించండి", "అయిపోయింది", "దూది నొక్కి పట్టుకోండి." ఈ మూడు ముక్కలతో ఆవిడ రోజు గడిచిపోతుంది. ఆవిడ సూది గుచ్చితే నొప్పి తెలియదని జనం చెప్పుకుంటారు.

ఎవరూ లేనప్పుడు అతను ప్రయత్నించలేదా అంటే ప్రయత్నించాడు. ఒకసారి వంటింటి గుమ్మంలో నిలబడి, రాత్రంతా కూడగట్టుకున్న ధైర్యంతో నోరు తెరిచాడు. "ఇవాళ ఎండ మండిపోతోంది కదూ?" అన్న మాట బయటికొచ్చింది. షాపు గొంతుతో వచ్చింది. ఆవిడ తిరిగి చూసింది, ఒక కుర్చీలో కూర్చోవలసిన రోగి ఇంకో కుర్చీలో కూర్చుంటే చూసినట్టు. ఆ తర్వాత అతను మళ్లీ నోరు తెరవలేదు. నోట్లో ఎన్ని మాటలున్నా అన్నీ అమ్మకానికి పెట్టినవేనని, ఇంట్లో వాడుకోవడానికి ఒక్కటి కూడా దాచుకోలేదని ఆ రోజు తెలిసింది.

గురువారం నుంచి అతను ఒక్కటే ఆలోచించాడు. ఆవిడని ఆపే మాట తన దగ్గర లేదు. కానీ వచ్చినవాళ్లు హాల్లో కూర్చుని ఉండగా ఆవిడ లేచి వెళ్లిపోదు. ఇరవై రెండేళ్ల కాపురంలో ఒక్కసారి కూడా అలా చెయ్యలేదు. ఏడు దాటేదాకా ఎవరినైనా కూర్చోబెడితే బస్సు పోతుంది. బస్సు పోతే ఒక రాత్రి దొరుకుతుంది. ఆ రాత్రిని ఏం చేసుకుంటాడో అతనికి తెలియదు. మునిగేవాడు గడ్డిపరకని ఏం చేసుకుంటాడో ముందుగా ఆలోచిస్తాడా?

అందుకని ఆదివారం నాలుగింటికి జాగ్రఫీ మాస్టారినీ, ఆయన భార్యనీ టీకి పిలిచాడు. మాస్టారు రిటైరై మూడేళ్లయింది. మాట్లాడటానికి మనిషి దొరక్క అలమటిస్తున్నారు. కూర్చుంటే లేవరని ఆయనకి పేరు.

నాలుగూ పదికి బయట కారు ఆగింది. కొత్త కారు. మాస్టారు దిగి, తలుపు వేసి, సరిగా పడిందో లేదోనని మళ్లీ తీసి వేశారు.

"ఏవయ్యా కళ్లజోడూ! నువ్విచ్చిన అద్దాలతో నడుపుతున్నా. ఎవర్నైనా గుద్దితే పూచీ నీదే!"

"నలభై మీద పోనిస్తే గదా గుద్దేది," అంది మాస్టారి భార్య. "సైకిలువాళ్లు కూడా వెనక్కి తిరిగి జాలిగా చూస్తున్నారు వదినా, నాకు తలకొట్టేసినట్టుంది."

అతని భార్య నవ్వింది. "రండి రండి. ఏవండీ, ఆ ఫ్యాను కొంచెం పెంచండి."

'ఏవండీ' అన్న పిలుపు గురువారం తర్వాత అప్పుడే విన్నాడతను. లేచి ఫ్యాను పెంచాడు.

మొదటి గంట దానంతటదే నడిచింది. కారు ఎలా కొన్నారు, ఏ రంగు వద్దనుకున్నారు, డ్రైవింగు నేర్పిన మనిషి మాస్టారిని ఎన్నిసార్లు "తాతా" అన్నాడు. మాస్టారి భార్య చెబుతుంటే మాస్టారు ఖండించారు, ఖండిస్తూనే ఇంకో రెండు కలిపారు. టీ వచ్చింది. అతని భార్య బిస్కెట్ల పళ్లెం పెడుతూ, "ఈయన చక్కెర లేకుండా తాగుతానంటారు, కానీ బిస్కెట్లు ఆరు తింటారు," అంది. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. ఇది చూస్తే ఎవరైనా ఈ మనిషి రెండు గంటల్లో వెళ్లిపోతుందనుకుంటారా? తనే అనుకోలేకపోతున్నాడు. పడగ్గది తలుపు పక్కన నిలబెట్టిన పెట్టె మాత్రం అతను కూర్చున్న చోటి నుంచి కనిపిస్తోంది. వచ్చినవాళ్లకి కనిపించదు. కుర్చీలు అలా వేసింది తనే.

అయిదుంపావుకి మాస్టారి అరచేతులు మోకాళ్ల మీదికి వచ్చాయి.

"మాస్టారూ, పటం చూడకుండా నదులన్నీ బోర్డు మీద గీసేవారటగా మీరు?"

చేతులు ఒళ్లోకి వచ్చాయి. నదులు అరగంట పారాయి. అయిదూ ముప్పావుకి మాస్టారి భార్య చేతిసంచి భుజానికి తగిలించుకుంది. ఆవిడ చెల్లెలి కూతురి పాటల పోటీ సంగతెత్తాడు. సంచి కిందికి దిగింది. అతని భార్య రెండోసారి టీ పెట్టింది. గోడగడియారం వైపు ఆవిడ ఒక్కసారి కూడా చూడలేదు. అతను మాత్రం మాట్లాడుతున్నంతసేపూ చూస్తూనే ఉన్నాడు, ఎవరికీ తెలియకుండా చూడటం కూడా ఆ విద్యలో భాగమే.

ఆరయింది. పాటల పోటీ అయిపోయింది. గదిలోకి కొంచెం మౌనం వచ్చి నిలబడింది. అప్పుడతనికి ఒక ఆలోచన వచ్చింది. మూడో మనిషి ఉండగా తను ఏదైనా చెప్పగలడు. అయితే నాలుగేళ్లుగా చెప్పలేనిది కూడా చెప్పగలడేమో. వేరే మనిషి కథలా చెబితే?

"మాస్టారూ, మా షాపుకి ఒకాయన వస్తుంటాడు," అని మొదలుపెట్టాడు. "మంచి మాటకారి. ఓ రోజు వాళ్లింటికి ఎనిమిది మంది వచ్చారు. ఆయన వాళ్లకో కథ చెబుతున్నాడు. ఇంక ఆఖరి మాట అంటే నవ్వు పేలాలి, అలాంటి చోట ఉన్నాడు. సరిగ్గా అప్పుడు వాళ్లావిడ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో ఫోను. మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆయన చూశాడండీ. చూడలేదని కాదు. చూసి ఏం చేశాడంటారు?"

"ఏం చేశాడు?" అన్నారు మాస్టారు, ముందుకి వంగి.

"వేలెత్తి, ఒక్క నిమిషం ఆగమన్నాడు. కథ పూర్తి చేశాడు."

అంతవరకూ అతను ఒప్పుకోలుగానే చెబుతున్నాడు. కానీ కథ చెప్పే నోరు ఇరవై అయిదేళ్లుగా కథ చెప్పడానికి అలవాటుపడ్డ నోరు. ఎక్కడ ఆగాలో దానికి తెలుసు. ఎక్కడ కనుబొమ్మ ఎత్తాలో తెలుసు. 'కథ పూర్తి చేశాడు' అన్న మాట దగ్గర అది తనంతట తానే ఆగి, కనుబొమ్మ ఎత్తింది. మాస్టారు పగలబడి నవ్వారు.

"ఓరి వీడి దుంపతెగ! ఇంతకీ ఏవిటట ఫోను?"

"వాళ్లావిడ అన్నయ్య పోయాడని."

"అయ్యయ్యో," అంది మాస్టారి భార్య. నవ్వు ఇంకా మొహాన ఉండగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అతను భార్య వైపు తిరిగాడు. ఆవిడ చేతిలో ఖాళీ కప్పులున్న పళ్లెం ఉంది. మొహంలో ఏ మార్పూ లేదు. మర్యాదగా వింటున్న మనిషి మొహం.

"పాపం," అంది. "తర్వాత ఆవిడ ఏం చేసిందట?"

"ఆవిడ... అప్పుడేం చెప్పలేదట. ఏమీ లేదులెండి అని లోపలికి పోయి ఎనిమిది మందికీ టీ పెట్టిందట. అందరూ వెళ్లాక చెప్పిందట." ఇక్కడ ఆపాలి, ఇక్కడ ఆ మాట చెప్పాలి. "ఆయన ఇప్పటికీ కుమిలిపోతున్నాడు. ఆ ఒక్క నిమిషం వెనక్కి వస్తే బాగుండునని..."

"మంచి ఇల్లాలు," అన్నారు మాస్టారు తీర్పు చెబుతున్నట్టు. "వచ్చినవాళ్ల ముందు బయటపడలేదు చూశావా. అదీ సంస్కారం అంటే."

"బాగా చెప్పారండీ కథ," అంది అతని భార్య. పళ్లెం పట్టుకుని లోపలికి వెళ్లింది.

కుళాయి తిప్పిన చప్పుడైంది. కప్పులు కడుగుతోంది. ఆ మాటలో వెటకారం ఉందేమోనని అతను వెతికాడు. కోపం ఉంటే ఇంకా ఆశ ఉన్నట్టే. ఎంత వెతికినా దొరకలేదు. ఆవిడకి కథ నిజంగానే బాగా చెప్పినట్టనిపించింది. అంతే.

ఆరున్నరకి ఆవిడ బయటికి వచ్చింది. చీర మార్చుకుంది, భుజాన సంచి, చేతిలో పెట్టె. అయినా మాస్టారు ఇంకా కుర్చీలోనే ఉన్నారు, మాస్టారి భార్య ఇంకా కుర్చీలోనే ఉంది. వీళ్లని వదిలి ఆవిడ గుమ్మం దాటదు, దాటలేదు.

"మీరు కూర్చోండి, మాట్లాడుకుంటూ ఉండండి," అంది ఆవిడ చేతులు జోడించి. "ఏమనుకోకండేం. ఏడింటి బస్సుకి మా వదిన దగ్గరికి వెళ్తున్నాను. మధ్యలో లేచి వెళ్తున్నందుకు సిగ్గుగా ఉంది, కానీ ఈ బస్సు తప్పితే మళ్లీ రేపే."

"ఊరెళ్తున్నావా! చెప్పవేం వదినా!" మాస్టారి భార్య గబుక్కున లేచింది. "మేమిక్కడ తిష్టవేసి నీ ప్రాణం తీస్తున్నాం. ఏవయ్యా కళ్లజోడన్నయ్యా, నీకైనా ఉండొద్దూ?"

"అది... బస్సు అంత తొందరగా తియ్యడులెండి," అన్నాడతను. "మాస్టారూ, ఇందాక మీరేదో ఎడారి సంగతి చెబుతానని..."

"ఎడారి ఎక్కడికి పోతుందయ్యా!" మాస్టారు అప్పటికే తాళాలు చేతిలోకి తీసుకున్నారు. మొహం వెలిగిపోతోంది. "కారు గుమ్మంలో పెట్టుకుని అమ్మాయిని ఆటోలో పంపిస్తామా? పద తల్లీ, బస్టాండులో నేను దింపుతా. పెట్టె ఇలా ఇయ్యి."

ఆవిడ మొహమాటపడింది. "మీకెందుకండీ శ్రమ."

"శ్రమేంటి, ఇంకో మూడు కిలోమీటర్లు నడిపిన అనుభవం!"

అతను కట్టుకున్న గోడ తనంతట తానే లేచి, పెట్టె పట్టుకుని, భార్యని కారెక్కించింది.

అతనూ ఎక్కాడు. మాస్టారు నలభై దాటకుండా నడిపారు. అంత నెమ్మదిగా పోతున్నందుకు అతనొక్కడే ఆనందించాడు. ఎర్రలైటు పడ్డప్పుడల్లా ప్రాణం లేచొచ్చేది. వెనక సీట్లో భార్యాభర్తలు పక్కపక్కన కూర్చున్నారు, ముందు సీట్లలో మూడో మనిషీ నాలుగో మనిషీ ఉన్నారు కాబట్టి మాట్లాడుకున్నారు. గ్యాసు బుడ్డి ఎప్పుడు మార్చాలో ఆవిడ చెప్పింది. ఏసీలో చలిగా ఉంటుందేమో శాలువా తీసుకున్నావా అని అతనడిగాడు. తీసుకున్నానంది. "అన్యోన్యంగా ఉంటారు వీళ్లు, నేర్చుకోండి," అంది మాస్టారి భార్య మొగుడితో.

ఏడుకి తొమ్మిది నిమిషాలుండగా చేరారు. నాలుగో ప్లాట్‌ఫారం. బస్సు ఇంజను ఆన్‌లో ఉంది. డ్రైవరు టైరు తన్ని చూస్తున్నాడు. పెట్టె డిక్కీలో పెట్టారు. ఇంకా ఆరు నిమిషాలుంది. ఆరు నిమిషాలు తక్కువేం కాదు. అతను లోపల మాటలు పేర్చుకున్నాడు. వీళ్లిద్దరి ముందే అడుగుతాను, తలవంపులైనా సరే, వెళ్లొద్దని అడుగుతాను, వీళ్ల ముందు ఆవిడ కాదనలేదు. నోరు తెరవబోయాడు.

మాస్టారి భార్య మాస్టారి చొక్కా పట్టుకుని లాగింది. "రండి ఇటు. మొగుడూ పెళ్లాలు ఏవో చెప్పుకుంటారు, మధ్యలో మనం దిష్టిబొమ్మల్లా ఎందుకు?"

"అయ్యో, ఉండండి, ఫర్వాలేదు!" అన్నాడతను. దాదాపు అరిచాడు.

"మాకూ తెలుసులేవయ్యా ఆ మాత్రం మర్యాద!" మాస్టారు కన్ను గీటారు. ఇద్దరూ పుస్తకాల కొట్టు దాకా నడిచి వెళ్లి, వీళ్లకి వీపు చేసి నిలబడ్డారు. పరాయివాళ్ల ఏకాంతాన్ని గౌరవించేవాళ్ల వీపులు ఎలా ఉంటాయో అలా ఉన్నాయి. నిటారుగా, వెనక్కి తిరగబోమని ఒట్టేసినట్టుగా.

ఆవిడ అతని ఎదురుగా నిలబడింది. బస్సు ఎక్కలేదు. ఎక్కవచ్చు, సీటు ఉంది, అయినా ఎక్కలేదు. ఆ సంగతి అతను గమనించాడు. ఒక నిమిషం గడిచింది. ఇంకో నిమిషం. చుట్టూ నూరుమంది ఉన్నా వాళ్లెవరూ మూడో మనిషి కారు. లోపల పేర్చుకున్న మాటలు ఒక్కటొక్కటే చెయ్యి జారాయి. 'వెళ్లొద్దు' అన్న మాట గొంతు దాకా వచ్చింది. అది తన సొంత గొంతులో ఎలా ఉంటుందో అతనికి గుర్తు రాలేదు. వాతావరణం గురించి మాత్రం అనకూడదనుకున్నాడు. అదొక్కటీ అనకూడదు.

"కిటికీ పక్క సీటేనా?" అన్నాడు.

నాలుగేళ్లలో ఎవరూ లేకుండా ఆవిడతో అన్న రెండో మాట.

ఆవిడ అతని మొహంలోకి చాలాసేపు చూసింది. రెండు చేతులూ తడిమి, ఎక్కడా నరం దొరకని రోగిని చూసినట్టు, తప్పు రోగిది కాదని తెలిసినట్టు చూసింది.

"కిటికీ పక్కదే," అంది. తర్వాత, "వెళ్లండి. పాపం వాళ్లు నిలబడి ఉన్నారు," అంది.

మెట్లెక్కి లోపలికి వెళ్లింది. బస్సు ఏడింటికి కాదు, ఏడూ రెండుకి కదిలింది. ఆ రెండు నిమిషాలూ కూడా అతను అద్దం కింద నిలబడే ఉన్నాడు. అద్దానికి రంగు వేసి ఉంది. లోపల ఎవరున్నారో కనిపించలేదు.

తిరుగుదారిలో అతన్ని ముందు సీట్లో కూర్చోమన్నారు. మాస్టారి భార్య వెనక కూర్చుంది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. భార్యని ఊరికి పంపినవాడికి ఆ మాత్రం వ్యవధి ఇవ్వాలి కదా. తర్వాత ఆవిడే అడిగింది.

"ఎన్నాళ్లకొస్తుందన్నయ్యా మళ్లీ?"

"పదిహేను రోజులండీ," అన్నాడతను. "వాళ్ల వదినకి ఒంట్లో బాగుండటం లేదు. ఆవిడేమో మందులేసుకోదు, మొండి మనిషి. మాత్ర చేతిలో పెడితే 'నువ్వేసుకో ముందు' అంటుంది. పోయినసారి ఈవిడ నిజంగానే వేసుకుంది, రెండు రోజులు నిద్రే నిద్ర!"

వదినకి ఏ జబ్బూ లేదు. మాత్ర సంగతి అప్పటికప్పుడు పుట్టింది. మాస్టారు స్టీరింగు మీద చెయ్యి కొట్టి నవ్వారు. వెనక సీట్లో ఆవిడ కూడా నవ్వింది. "భలే చెబుతావన్నయ్యా, నువ్వుంటే పొద్దే తెలీదు," అంది.

అబద్ధం బాగా కుదిరిందని అతనికి తెలిసింది. ఎక్కడా అతుకు కనబడలేదు. ఇల్లు ఇంకా రెండు సిగ్నళ్ల దూరంలో ఉంది. మొదటి దాని దగ్గర ఎర్రలైటు పడింది. మాస్టారు కారు ఆపారు. గేటు ముందు దిగేదాకా వాళ్లకి మాట అందివ్వాలి, కారులో మౌనంగా కూర్చుంటే బాగుండదు. అతను గొంతు సవరించుకుని, వదిన గురించి ఇంకో సంగతి మొదలుపెట్టాడు.